వైద్యుడు చూసే ‘నాడి’ నరమా, ధమనా?

సందేహం: ‘నరం తెగి రక్తం కారింది’ అంటాం. పాఠ్యపుస్తకాల్లో నాడి అంటే నెర్వ్, మెదడుకూ ఒంటికీ మధ్య సంకేతాలు మోసే తంతువు. మరి వైద్యుడు మణికట్టు దగ్గర నాడి చూశాడంటే చూసింది దేన్ని? చేతికి రక్తం తెచ్చే గొట్టాలకు తెలుగు పేర్లేమిటి?

సమాధానం: చూసింది రక్తనాళాన్నే. బొటనవేలి వైపు ఎముక మీదుగా పోయే ధమని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టం అది. దాని మీద చూపుడువేలు, నడిమివేలు ఆనించాలి. బొటనవేలితో చూస్తే మన నాడే మనకు తగలవచ్చు. సంస్కృతంలో నాడి అంటే గొట్టం, బోలు కాడ. వైద్యుల వాడుక పాతదీ, సరైనదీ. నెర్వ్‌కు ఆ మాటను అంటగట్టింది ఆధునిక పరిభాష, చిక్కంతా అక్కడే.

నరం దేశ్యం. తమిళ నరంబు, కన్నడ నర దీని తోబుట్టువులు. ఒంట్లో తాడులా కనిపించేదల్లా జనానికి నరమే. ‘నరాలు తేలిన చెయ్యి’లో ఉన్నవి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు, ‘నరాల జబ్బు’లో నెర్వులు. సూది గుచ్చబోతూ ‘నరం దొరకట్లేదు’ అనే నర్సు వెతికేది మోచేతి మడతలోని సిరను. మాటల్లో దీన్ని తప్పుపట్టను. ప్రథమ చికిత్స గురించి రాసేటప్పుడు మాత్రం విడదీసి చెప్పాల్సిందే: ధమని తెగితే ఎర్రటి రక్తం గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్ముతుంది, సిర తెగితే ముదురు రంగులో ఆగకుండా కారుతుంది. ఏది తెగినా ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి.

ఇక పేర్లు. వాగుకు ఊరికో పేరున్నట్టు చేతి ధమని కూడా పోతూ పోతూ పేరు మార్చుకుంటుంది. కాలర్‌బోన్‌కు సంస్కృతం జత్రుక. దాని కింద ఉన్నంతసేపు అది అధోజత్రుక ధమని. నోరు తిరగకపోతే ‘జత్రుక కింది ధమని’ అనండి, నష్టం లేదు. ఎడమది గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని అయిన బృహద్ధమని నుంచి నేరుగా వస్తుంది, కుడిది తలకూ చేతికీ ఉమ్మడిగా ఉన్న మొదలు నుంచి చీలుతుంది. మొదటి పక్కటెముక దాటితే చంక ధమని, జబ్బలోకి దిగితే బాహు ధమని. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోప్ పెట్టేది దీని మీదే. మోచేతి దగ్గర ఇది రెండుగా చీలి రత్ని, అరత్ని ధమనులవుతుంది.

ఏది ఏ వైపో గుర్తుండకపోతే అమరకోశం ఆదుకుంటుంది. పిడికిలి బిగించి కొలిచిన మూర రత్ని, చిటికెనవేలు చాపి కొలిస్తే అరత్ని. అరత్ని ఎముక, ధమని రెండూ చిటికెనవేలి వైపే ఉంటాయి. నాడి చూసేది రత్ని ధమని. దాని ఇంగ్లీషు పేరు రేడియల్ కదా అని ‘వికిరణ ధమని’ అని మాత్రం రాయకండి, వికిరణమంటే రేడియేషన్.