బల్గం సంగతి తర్వాత, ముందు ఈసీజీ తీయించుకోండి

ప్రశ్న: నా వయసు 54. రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. కొలెస్ట్రాల్ మాత్రతో ఒళ్లు నొప్పులు వస్తున్నాయని నాలుగు నెలల క్రితం మానేసి, తెలిసినవారు ఇచ్చిన సఫూఫ్-ఎ-ముహజ్జిల్ అనే యునానీ చూర్ణం వాడుతున్నాను. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 164 ఉంది. మెట్లెక్కితే ఎడమ భుజం కాస్త లాగుతోంది. రక్తంలో కొవ్వు యునానీ ప్రకారం బల్గం (కఫం) వ్యాధేనా? ఈ చూర్ణం ఎన్నాళ్లు వాడాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీరు మాటవరసకు రాసిన భుజం నొప్పే నన్ను కలవరపెడుతోంది. స్టెంట్ ఉన్న మనిషికి మెట్లెక్కినప్పుడు భుజం లాగితే, కాదని తేలేవరకు దాన్ని గుండె నొప్పిగానే చూడాలి. ఆలస్యం చేయకుండా రేపే కార్డియాలజిస్టును కలిసి ఈసీజీ తీయించుకోండి. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నేను యునానీ వైద్యుడినే కాబట్టి మీ ప్రశ్నకూ జవాబు చెబుతాను. రక్తంలో కొవ్వును కొలిచే పరీక్ష పూర్వులకు లేదు. అందువల్ల నేటి హకీములు స్థూలకాయం, అంటే సిమన్-ఎ-ముఫ్రిత్ గురించి పాత గ్రంథాలు చెప్పినదాన్నే దీనికి అన్వయిస్తున్నారు. దమ్ (రక్తం), బల్గం (కఫం), సఫ్రా (పసుపు పిత్తం), సౌదా (నల్ల పిత్తం) అనే నాలుగు ధాతువుల్లో బల్గం పెరిగి, ఒంట్లో చల్లదనం, తేమ హెచ్చి, రక్తం జిడ్డుబారుతుందన్నది ఆ వివరణ. అతి స్థూలకాయం రక్తనాళాలను ఇరుకు చేస్తుందని, ఆకస్మిక మరణానికి దారితీయవచ్చని యునానీ వైద్యానికి మూలపురుషుల్లో ఒకరైన ఇబ్న్ సీనా వెయ్యేళ్ల క్రితమే హెచ్చరించారు. ఆయన సంప్రదాయంలో వచ్చిన మేము దీన్ని తేలిగ్గా తీసుకోమని ఎలా చెబుతాం?

శుద్ధి చేసిన లక్క, వాము, జీలకర్ర వంటివి కలిపే ఆ చూర్ణాన్ని మేము ప్రధానంగా బరువు తగ్గించడానికి, అది కూడా రోగి మిజాజ్ (శరీర తత్వం) చూసి ఇస్తాం. స్టెంట్ ఉన్నవారికి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) బదులు అది చాలునని నేను చెప్పను, మరే వైద్యుడూ చెప్పకూడదు. మీకు ఎల్‌డీఎల్ 70 కంటే, వీలైతే 55 కంటే తక్కువ ఉండాలి. ఒళ్లు నొప్పులు వచ్చినప్పుడే వైద్యునికి చెప్పి ఉంటే కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీకే రక్తపరీక్ష చేయించి, మోతాదు తగ్గించడమో, మరో స్టాటిన్‌కు మార్చడమో, ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు జోడించడమో చేసేవారు. దారులు ఇన్ని ఉండగా ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు మందు మానేయడం పెద్ద పొరపాటు. పెద్దవారు, ఇలా అంటున్నందుకు ఏమీ అనుకోకండి. రక్తం పలచబడేందుకు ఇచ్చిన మాత్రలు కూడా మానలేదు కదా? మానేసి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి.

చూర్ణం ప్రస్తుతానికి ఆపండి. లేబుల్ లేని పొట్లమైతే అందులో ఏముందో చెప్పలేం కనుక, దాన్ని పాత రిపోర్టులతో పాటు కార్డియాలజిస్టుకు చూపించి, లివర్ పరీక్ష కూడా అవసరమేమో అడగండి. స్టాటిన్ మళ్లీ ఏ మోతాదులో మొదలుపెట్టాలో ఆయననే నిర్ణయించనివ్వండి.