ఆపరేటర్ గదికి బయటి మెట్లెందుకు?

ప్రశ్న: వన్‌టౌన్‌లోని ఒక పాత సినిమా హాలులో ఆపరేటర్ గదికి (ప్రొజెక్టర్ ఉండే గదికి) లోపలి నుంచి దారి లేదు, మెట్లు వీధి వైపున ఉన్నాయి. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిప్పు భయమే కారణం. 1950 ప్రాంతం దాకా చలామణిలో ఉన్న నైట్రేట్ ఫిల్ము (సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసిన సినిమా రీలు) ఒకసారి అంటుకుంటే గాలి అందకపోయినా, నీళ్లు పోసినా మండుతూనే ఉంటుంది. ప్రొజెక్టర్‌లో కార్బన్ కడ్డీల మధ్య పుట్టే తీవ్రమైన వెలుగూ వేడీ సూటిగా దానిమీదే పడేవి. అందువల్లనే 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రేక్షకుల భద్రతను లైసెన్సుకు షరతు చేసింది. మందపాటి గోడలు, విడి మెట్లు అలా వచ్చినవే. ప్రొజెక్టర్ వెలుతురు హాలులోకి వచ్చే చిన్న కిటికీలను గమనించండి: మంట రేగగానే జారి మూసుకునే ఇనుప రేకులు వాటికి ఉండేవి. మరమ్మతుల పేరిట ఆ రేకులను పీకివేయకుండా ఉంచాలని యజమానులకు మా మనవి.