బేకర్ స్ట్రీట్ స్టూడియోలో లేడీ మాక్‌బెత్

ప్రశ్న: మేం లండన్‌లో ఉంటున్నాం. ఇక్కడ పాత సామాన్ల సంతలో ఒక అట్ట ఫొటో కొన్నాను. మోకాళ్ల దాకా రెండు జడలు, నేల మీద జీరాడే గౌను వేసుకున్న ఒకావిడ. కింద 'విండో అండ్ గ్రోవ్, బేకర్ స్ట్రీట్' అని అచ్చయి ఉంది, వెనక ఎవరో చేత్తో 'ఎలెన్ టెర్రీ' అని రాశారు. ఇది అసలుదేనా? నాటకం ఆడుతుండగా తీసిందా? మరకలున్నాయి, తడిగుడ్డతో తుడవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ తడిగుడ్డ పక్కన పెట్టేయండి! అప్పట్లో ఎక్కువ ఫొటోలు గుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం మీద ముద్రించి అట్టకు అతికించినవే, నీళ్లు తగిలితే అట్ట ఉబ్బి బొమ్మ లేచిపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, యాసిడ్ లేని కాగితం కవర్లో, ఎండ తగలని చోట పెట్టండి. లామినేషన్ జోలికి అసలు పోవద్దు, అంచులు కత్తిరించొద్దు.

అట్ట కొలవండి. సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర పొడవు ఉంటే అది క్యాబినెట్ కార్డు, 1866 నుంచి వచ్చిన సైజు. తర్వాత భూతద్దం పెట్టి ముఖం దగ్గర చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ప్రెస్సులో అచ్చేసిన బొమ్మ. చుక్కల్లేకుండా నీడ మెల్లగా వెలుగులో కలిసిపోతూ, లేత గోధుమరంగులో ఉంటే అసలుదై ఉండటానికే ఎక్కువ అవకాశం.

ఇక నాటకం సంగతి. ఎలెన్ టెర్రీ ఆ కాలపు పేరున్న ఇంగ్లిష్ నటి. మీ వర్ణన బట్టి అది షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నాటకంలో ఆవిడ వేసిన లేడీ మాక్‌బెత్ వేషం, లండన్ లైసియం థియేటర్లో 1888 డిసెంబరు 29న మొదలైన ప్రదర్శనలోది. స్టేజీ మీద గ్యాస్ దీపాల వెలుతురు ఫొటోకి చాలదు కాబట్టి, నటులు అదే వేషంతో విండో అండ్ గ్రోవ్ లాంటి ఫొటో స్టూడియోకి వచ్చి, నాటకంలోని ఒక ఘట్టాన్ని కదలకుండా నిలబడి చూపించేవాళ్లు. ఆ కార్డుల్ని షాపుల్లో అమ్మేవారు, అభిమానులు కొని ఆల్బమ్‌లలో దాచుకునేవారు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా సంతల్లో దొరుకుతున్నాయి.

ఆ గౌను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. డిజైనర్ ఆలిస్ కామిన్స్ కార్ ఊహించి, ఏడా నెటిల్‌షిప్ చేత కుట్టించిన ఆ గౌను మీద సుమారు వెయ్యి పురుగు రెక్కలున్నాయి, మన వైపు వానాకాలంలో తుమ్మచెట్ల మీద పచ్చగా తళతళలాడే పెంకు పురుగులు ఉంటాయే, ఆ జాతివి! మద్రాసులో, హైదరాబాదులో ఇలాంటి రెక్కలతో బట్టల మీద పనితనం చేసేవాళ్లు. ఫొటోలో ఆ పచ్చదనం రాదు, ఎర్రటి జడలు కూడా నల్లగా కనిపిస్తాయి. రంగులు కావాలంటే చిత్రకారుడు సార్జెంట్ 1889లో వేసిన చిత్రం లండన్ టేట్ గ్యాలరీ వాళ్ల దగ్గరుంది. గౌను మాత్రం కెంట్‌లో ఎలెన్ టెర్రీ సొంతిల్లు స్మాల్‌హైత్ ప్లేస్‌లో ఉంది. మీరు లండన్‌లోనే ఉన్నారు కదా, ఒక సెలవు రోజు కార్డు పట్టుకుని వెళ్లి పక్కపక్కనే చూడండి.

కార్డు వెనక చేతిరాతను చెరపకండి. అది అప్పటి అభిమాని రాతే కావచ్చు. ఆ వైపు కూడా ఫొటో తీసి మాకు పంపండి.