మొక్కు సంగతి తర్వాత, ముందు మీ అత్తగారితో మాట్లాడండి

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం మావారి బైక్‌ను ట్రాక్టర్ గుద్దింది. ప్రాణానికి ప్రమాదం తప్పిందిగానీ మెడ దగ్గర నరాలు దెబ్బతిని కుడి చెయ్యి భుజం నుంచి పూర్తిగా పడిపోయింది. మూడో నెలలో పక్కటెముకల దగ్గరి నరాలు తెచ్చి జబ్బలో కలిపారు. ఆపరేషన్ అయి ఐదు నెలలైనా మోచెయ్యి వంగడం లేదు. ఆయన జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇప్పటిదాకా మళ్లీ స్కూలుకు వెళ్లలేదు. ఎడమ చేత్తో తినబోతే అత్తయ్య ఊరుకోరు, తనే ముద్దలు కలిపి పెడతారు. ఆయనతో తిరుమలలో అంగప్రదక్షిణం చేయిస్తానని ఆవిడ మొక్కుకున్నారు. చెయ్యి వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చేయిస్తే త్వరగా నయమవుతుందంటున్నారు. నాకు విసుగొచ్చి రెండు నెలలుగా దీపం పెట్టడం లేదు. ‘నీకు నమ్మకం లేకే వాడికి తగ్గట్లేదు’ అని రోజూ అంటున్నారు. నిజానికి ఆ రాత్రి ఆయన బయటికి వెళ్లింది అత్తయ్య బీపీ మాత్రల కోసమే, అది వేరే విషయం. మొక్కు ముందే తీర్చడం మంచిదేనా? నా వల్లే ఆలస్యమవుతోందా?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీ వల్ల ఏ ఆలస్యమూ కావడం లేదు. మొక్కు గురించి కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఆపరేషన్ చేసిన డాక్టరు సరేననేదాకా అంగప్రదక్షిణం మాట తలపెట్టకండి. కండల బలం పోయిన భుజం కీలు తేలిగ్గా జారుతుంది. తడిబట్టలతో నేల మీద పొర్లుతున్నప్పుడు స్పర్శ లేని చెయ్యి ఒంటి కింద నలిగినా ఆయనకు తెలియదు. కొండ మీది స్వామి ఆగుతాడు. చెయ్యి వచ్చాక తీరుస్తామన్న మొక్కును చెయ్యి వచ్చాకే తీర్చండి.

ఆలస్యం అంటున్నారు కాబట్టి ఇంకో సంగతి. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే నెలకు ఒక అంగుళం. కలిపిన చోటు నుంచి కండలోకి చేరాలి, చేరాక ఇన్నాళ్లూ ఊరికే పడి ఉన్న కండ మేలుకోవాలి. ఇలాంటి ఆపరేషన్ తర్వాత మొదటి కదలిక కనిపించడానికే ఆరేడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. బలంగా వంగడానికి ఏడాదిన్నర, రెండేళ్లు. ఐదో నెలలో కదలకపోతే ఏదో చెడిందని కాదు. వేళ్లదాకా పట్టు వస్తుందని మాత్రం ఇంత పెద్ద గాయంలో డాక్టర్లు కూడా మాట ఇవ్వరు. ఆ సంగతి మీ ముగ్గురూ కలిసి కూర్చుని విని ఉండాల్సింది. విన్నట్టు నాకు అనిపించడం లేదు.

ఇక అసలు విషయం. ఉత్తరమంతా వివరంగా రాసి, మాత్రల దగ్గరికి వచ్చేసరికి ‘అది వేరే విషయం’ అని దాటేశారు. మీ ఇంట్లో జరుగుతున్నదంతా దాని చుట్టూనే తిరుగుతోంది తల్లీ.

మీ అత్తగారి వైపు నుంచి ఒక్కసారి చూడండి. మాత్రలు అయిపోయాయని ఆవిడే చెప్పారు, కొడుకు బండి తీశాడు. ఆ బీపీ మాత్రే ఆవిడ ఇప్పటికీ రోజూ వేసుకోవాలి. స్ట్రిప్‌లోంచి నొక్కి చేతిలో వేసుకున్న ప్రతిసారీ ఆవిడకు ఏం గుర్తొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ‘నా వల్లే వాడికి ఇలా అయింది’ అని పైకి అనలేరు. అందుకే కనిపించిన దేవుడికల్లా మొక్కుతున్నారు, ముప్పై దాటిన కొడుక్కి ముద్దలు పెడుతున్నారు. తగ్గకపోవడానికి మీ నమ్మకమే కారణమని తేలితే తన మాత్రలు కారణం కాకుండా పోతాయి కదా. ఆ ఆశతోనే మిమ్మల్ని అంటున్నారు. అలా అనడం తప్పే, నేను సమర్థించడం లేదు. ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో మీకు తెలియాలని చెబుతున్నాను.

మీ వైపూ చూద్దాం. ఈ ఎనిమిది నెలల్లో ఆ రాత్రి గురించి మీరు ఆవిడను పల్లెత్తు మాట అనలేదు. చాలామంది కోడళ్లు అనేసేవారు, మీరు అనలేదు, అది మీ సంస్కారం. కానీ ‘మీ తప్పు కాదు అత్తయ్యా’ అని కూడా అనలేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే విషయం మనసులో పెట్టుకుని మాట్లాడకుండా తిరుగుతుంటే అది అవతలి వాళ్లకు తెలియకుండా పోదు. నేను అనుకోవడం, దీపం మానేయడంలో దేవుడి మీద విసుగు కొంతే. ఆవిడకు గుచ్చుకుంటుందనే మిగతాది.

కాబట్టి మీ ఓపిక పరీక్షకు నిలవాల్సింది చెయ్యి దగ్గర కాదు, మీ అత్తగారి దగ్గర. మాస్టారు నిద్రపోయే మధ్యాహ్నం వేళ ఆవిడ పక్కన కూర్చోండి. ‘అత్తయ్యా, ఇన్నాళ్లూ మీ మీద కోపం దాచుకున్నాను. మాత్రలు మీవి కావచ్చుగానీ ట్రాక్టర్ మీరు తోలలేదు. మీ తప్పు లేదని నాకు తెలుసు, చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది’ అనండి. ఆవిడ ఏడుస్తారు. ఏడవనివ్వండి. వెంటనే కాఫీ పెట్టడానికి లేచి వెళ్లిపోకండి.

అదే కూర్చోవడంలో రెండో మాట కూడా చెప్పాలి. ‘నా నమ్మకం గురించి ఇకమీదట ఒక్క మాట కూడా అనకండి. ఆయన కోసం రాత్రిళ్లు లేచి కూర్చున్నది నేను.’ గొంతు పెంచకుండా, తడబడకుండా చెప్పండి. అత్తగారిని గౌరవించడమంటే అనరాని మాటలు పడటం కాదని నా గట్టి నమ్మకం. మొదటి మాట చెప్పకుండా రెండోది చెబితే గొడవవుతుంది. రెండోది మింగేసి మొదటిదే చెబితే మీరు లోపల ఉడికిపోతారు. రెండూ చెప్పండి.

తర్వాత ఆవిడ చేతులకు పని ఇవ్వండి. ముద్దలు పెట్టే పని వద్దు. ఎడమ చేత్తో తినడం అమంగళమనే మాట ఈ కష్టంలో నేను ఒప్పుకోను. చెంచా ఉంది, చెయ్యి ఉంది, మనిషి తన అన్నం తను తినాలి. లెక్కల మాస్టారు ఎడమ చేత్తో ఒక్కో అంకె దిద్దుకోవడం కూడా ఇవాళే మొదలుపెట్టాలి. చెయ్యి వచ్చాక చూద్దామనుకుంటే రెండేళ్లు మంచం మీదే గడిచిపోతాయి. అత్తగారు చేయాల్సింది వేరే ఉంది. పడిపోయిన చేతి వేళ్లను ఒక్కో కణుపు దగ్గరా మెల్లగా వంచి చాపాలి, మణికట్టు తిప్పాలి, మోచెయ్యి వంచి చాపాలి. ఇది చేయకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, అప్పుడు నరం వచ్చినా చెయ్యి వంగదు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఆవిడే నేర్చుకుని రోజూ ఉదయం, సాయంత్రం చేయొచ్చు. విష్ణు సహస్రనామం చదువుకుంటూనే చేయొచ్చు. ఆవిడ భక్తికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించడం లేదు.

పక్కటెముకల నరం కలిపారన్నారు కదా. అది మామూలుగా ఊపిరికి పనిచేసే నరం. అందుకే మొదట్లో మోచెయ్యి వంచాలంటే గట్టిగా ఊపిరి పీల్చాలి. జబ్బ మీద అరచెయ్యి వేసి ఆయన్ను నిండుగా ఊపిరి తీసుకోమంటే, కంటికి కదలిక కనిపించకముందే వేళ్ల కింద చిన్న అదురు తెలియొచ్చు. ఈ సాధన కూడా ఫిజియో చెప్పిన పద్ధతిలోనే చేయించండి. ఆ అదురు మొదట మీ అత్తగారి చేతికే తగిలితే నేను చాలా సంతోషిస్తాను.

ఇంకొకటి. ఇంత ఉత్తరంలో మీవారి మాట ఒక్కటీ లేదు. అంగప్రదక్షిణం చేయాల్సిన మనిషి ఆయన, తినాల్సిన మనిషి ఆయన. ఆయన్ను ఎవరైనా అడిగారా? ఇలాంటి గాయంలో రాత్రిళ్లు కరెంటు షాక్ కొట్టినట్టు, మంట పెట్టినట్టు నొప్పి ఉంటుంది. దానికి వేరే మందులున్నాయి, ఆ నొప్పి గురించి డాక్టరుకు చెప్పారో లేదో కనుక్కోండి. ఉద్యోగం గురించి టెన్షన్ పడుతుంటే ధైర్యం చెప్పండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టుకు మార్చాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు అప్లై చేయడం అశుభమని ఇంట్లో అంటే వినకండి. చెయ్యి బాగుపడటానికి ఆ కాగితం అడ్డు రాదు.

ఈసారి డాక్టరుకు చూపించడానికి వెళ్లేటప్పుడు అత్తగారిని వెంట తీసుకెళ్లండి. అంగప్రదక్షిణం వద్దని మీరంటే కోడలు అడ్డుపడుతోందనుకుంటారు, డాక్టరు చెబితే వింటారు. ఇంకా ఎన్నాళ్లు పడుతుందో, ఎంతవరకు వస్తుందో కూడా ఆవిడనే అడగనివ్వండి. మాత్రల విషయం మాత్రం ఆ ప్రయాణానికి ముందే, మీ ఇంట్లోనే మాట్లాడేయండి.