పైపు ఎడమకు తిప్పడం తప్పే, కానీ మంట పుట్టింది అక్కడేనా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. నా పెట్రోలు జీపు చెరువు గట్లు ఎక్కి దిగేటప్పుడు వెనక సైలెన్సర్ పైపు నేలకు రాసుకుంటోందని, తెలిసిన మెకానిక్ చేత దాన్ని మధ్యలో కోయించి ఎడమ డోరు కింద నుంచి బయటికి తీయించాను. నిరుడు ఏప్రిల్ 26న ఏలూరు నుంచి వస్తుంటే బండి అంటుకుని కాలిపోయింది. దేవుడి దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. పాలసీలో బండి విలువ రూ.6,80,000 అని రాశారు. ‘అనుమతి లేకుండా వాహనంలో మార్పులు చేశారు’ అంటూ జూన్ 20న క్లెయిమ్ కొట్టేశారు. నా భార్య నగలు అమ్మి కొన్న బండి అది. అప్పటి నుంచి ఏజెంట్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. కంపెనీ పైపే బిగించినట్టు పాత తేదీతో బిల్లు రాసిస్తానని మెకానిక్ అంటున్నాడు. తీసుకోవచ్చా? లేకపోతే ఆ మెకానిక్ మీదే కేసు వేయమంటారా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. ఇక్కడ కుదించి ఇచ్చాం కానీ, నేను మొత్తం చదివాను. నగల గురించి, ఏజెంట్ అన్న మాటల గురించి మూడు పేజీలు రాశారు. వాటితో కేసు గెలవరు, ఓడిపోరు. మూడో పేజీ చివర మాటవరసకు రాసినట్టు ఒక వాక్యం ఉంది: ‘ముందు హారన్ పలకడం మానేసింది, ఆ తర్వాత బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది.’ మీ కేసంతా ఆ వాక్యంలోనే ఉంది. మంట ఇంజిన్ దగ్గర వైరింగులో పుట్టిందా, ఎడమ డోరు కింద మీరు తిప్పించిన పైపు దగ్గర పుట్టిందా? తేలాల్సింది ఇదొక్కటే.

ముందు మీ తప్పు సంగతి చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 112వ నిబంధన ప్రకారం బండి పొగ కిందికి గానీ ఎడమ పక్కకు గానీ వదలకూడదు. కుడి పక్కకో వెనక్కో పోవాలి. ఈ నిబంధన నుంచి మోటారు సైకిళ్లకు మినహాయింపు ఉంది, మీ నాలుగు చక్రాల బండికి లేదు. మన దగ్గర బండ్లు రోడ్డుకు ఎడమ వైపున నడుస్తాయి. ఎడమ పక్కనే నడిచేవాళ్లు, బస్సు కోసం నిలబడేవాళ్లు, సైకిళ్ల మీద బడికి పోయే పిల్లలు ఉంటారు. మీ పైపు వేడి పొగను వాళ్ల కాళ్ల మీదికి వదులుతూ తిరిగింది. గట్టుకు రాసుకుంటోందన్నది మీ ఇబ్బంది. దాన్ని తప్పించుకోవడానికి పక్కవాడిని ప్రమాదంలో పెట్టకూడదు కదా.

దాని తర్వాతి 113వ నిబంధన ఇంకా ముఖ్యం. ట్యాంకు నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఇంధన గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు సైలెన్సర్ పైపు ఉండకూడదు. మీ మెకానిక్ ఈ దూరం కొలిచాడా? మీరు అడిగారా? ఉత్తరంలో దాని ఊసే లేదు. బండి కొనడానికి నగలు అమ్మిన మనిషి, ఆ బండి కింద పైపు కోసేటప్పుడు పెట్రోలు గొట్టం ఎటు పోతోందో వంగి చూడకపోవడం చాలా పెద్ద నిర్లక్ష్యం.

‘మా పైపు శబ్దం కంపెనీ పైపు కంటే తక్కువే’ అని రాశారు. శబ్దం 120వ నిబంధన కిందికి వస్తుంది, అక్కడ మీకు గొడవ లేదు. ‘ఆర్‌సీలో సైలెన్సర్ గురించి ఏమీ లేదు కదా’ అనే వాదన కూడా వద్దు. 112, 113 నిబంధనలకు ఆర్‌సీతో పని లేదు, వాటంతట అవే వర్తిస్తాయి. పైగా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019లో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

అయితే తప్పు చేసినంత మాత్రాన ఇన్సూరెన్స్ డబ్బు మొత్తం పోయినట్టేనా? కాదు. కంపెనీ ఇక్కడే మిమ్మల్ని భయపెట్టింది, మీరు భయపడిపోయారు. ప్రామాణిక మోటారు పాలసీలో కవర్ అయ్యే ప్రమాదాల జాబితాలో అగ్ని, పేలుడు, తనంత తాను అంటుకోవడం, పిడుగు మొట్టమొదటే ఉంటాయి. మీ నష్టం నేరుగా అందులోకి వస్తుంది. షరతు ఉల్లంఘించారు కాబట్టి ఇవ్వం అనాలంటే, ఆ ఉల్లంఘనకూ నష్టానికీ సంబంధం ఉందని చూపాల్సింది కంపెనీయే. 1996లో బి.వి. నాగరాజు కేసు చూడండి. సరుకుల లారీలో పరిమితికి మించి మనుషుల్ని ఎక్కించారు, అది తప్పే. కానీ ప్రమాదానికి కారణం అది కాదు కాబట్టి లారీ నష్టం చెల్లించాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2010లో అమలేందు సాహు కేసులో, షరతు తప్పినా క్లెయిమ్ మొత్తం కొట్టేయకుండా కొంత తగ్గించి ఇచ్చే పద్ధతిని కోర్టు ఆమోదించింది. ఆ పద్ధతిలో 75 శాతం వరకు ఇస్తారు. మీ పాలసీ విలువ మీద లెక్కేస్తే అది రూ.5,10,000.

మీ దగ్గరున్న ఇంకో బలం ఆ తిరస్కరణ లేఖే. అందులో ‘అనుమతి లేని మార్పులు’ అని మాత్రమే ఉంది. ఆ మార్పు వల్లే మంట వచ్చిందని ఎక్కడా రాయలేదు. లేఖలో చెప్పని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా లేవనెత్తకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ లేఖ అసలును లామినేషన్ చేయించకుండా, మడతలు పడకుండా, కవరుతో సహా దాచండి.

ఇక మీ మెకానిక్ ఇస్తానన్న పాత తేదీ బిల్లు. దాన్ని చేత్తో తాకను కూడా తాకకండి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన సర్వేయర్ మంట తర్వాత వచ్చి బండి కింద ఫోటోలు తీశాడని మీరే రాశారు. ఆ ఫోటోల్లో మీ ఎడమ పైపు కనిపిస్తూనే ఉంటుంది. దాని పక్కన మీరు దొంగ బిల్లు పెడితే ఇప్పటిదాకా మీ వైపున్న న్యాయం ఆ నిమిషంలోనే పోతుంది. ఇలాంటి ఫిర్యాదులు వినే వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణగానే లెక్క. అక్కడ వాడడానికి దొంగ సాక్ష్యం తయారు చేస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు. దొంగ పత్రాన్ని నిజమైనదిగా వాడినందుకు ఇంకో కేసు. ఐదు వేల జరిమానా పడే తప్పును దాచబోయి జైలుకు పోయే తప్పు చేస్తారా? కాలిన బండికి ఇప్పుడు కంపెనీ పైపు బిగించడం కూడా ఇలాంటిదే. మార్పు చేశానని ఒప్పుకోండి. ఒప్పుకుని, దానికీ మంటకూ సంబంధం లేదని వాదించండి. మీకున్న దారి ఇదే.

మెకానిక్ మీద కేసు సంగతి కొంచెం ఆలోచించి చదవండి, ఎందుకంటే ఇక్కడ చాలామంది తమ గొయ్యి తామే తవ్వుకుంటారు. మెకానిక్ మీద వేస్తే ఏమని వేస్తారు? ‘వాడు పైపు తప్పుగా బిగించినందువల్లే నా బండి కాలింది’ అనే కదా. ఆ ఒక్క వాక్యం మీ సంతకంతో కాగితం మీద పడిందంటే, ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ దాన్నే పట్టుకొచ్చి కమిషన్ ముందు పెడతాడు. పైపు వల్ల మంట రాలేదని ఒక చోట, పైపు వల్లే వచ్చిందని ఇంకో చోట చెప్పలేరు. పైగా పైపు అలా తిప్పమన్నది మీరే, బిల్లు కూడా తీసుకోలేదు. అందుకని పరీక్ష చేయించి మంట ఎక్కడ పుట్టిందో తెలిసేదాకా ఆ మెకానిక్‌కు నోటీసు, వాట్సాప్ మెసేజ్, పోలీసు ఫిర్యాదు ఏవీ పంపకండి. కోపంలో పంపే వాయిస్ మెసేజ్ కూడా సాక్ష్యమే.

ఇప్పుడు గడువు సంగతి. ఏజెంట్ చుట్టూ తిరిగిన నెలలు మీకు కలిసిరావు. కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా, ఏజెంట్ ఎన్నిసార్లు ‘చూద్దాం’ అన్నా చట్టంలో గడువు ఆగదు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు 2 సంవత్సరాలు. తిరస్కరణ లేఖ తేదీ నుంచి లెక్క వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసు గుర్తుంచుకోండి, మన తెలుగు పొగాకు వ్యాపార సంస్థదే. 1988లో సరుకు కాలిపోతే 1997లో ఫిర్యాదు వేశారు. నిప్పంటుకున్న రోజు నుంచే గడువు లెక్కించి 2009లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీరు కూడా ఏప్రిల్ 26 నుంచే లెక్క పెట్టుకోండి. వచ్చే ఏడాది ఏప్రిల్ 25 లోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పడి ఉండాలి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది కానీ, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకూడదు.

దానికంటే ముందు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. ఫీజు లేదు, లాయరును పెట్టుకోనివ్వరు, మీరే చెప్పుకోవాలి. కానీ అక్కడికి నేరుగా పోలేరు. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టాలి. వాళ్లు కాదన్నా, నెల రోజులు జవాబివ్వకపోయినా అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఏజెంట్‌కు పెట్టిన వాట్సాప్ అర్జీ కాదు. ఏడాది గడువును జూన్ 20 లేఖ నుంచే లెక్కేసుకోవడం క్షేమం. అంటే ఈ జూన్ 19 లోపు అంబుడ్స్‌మన్ చేతికి ఫిర్యాదు అందాలి. మధ్యలో నెల రోజులు కంపెనీ కోసం ఆగాలి కాబట్టి ఆ అర్జీ ఈ వారమే స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పోవాలి. ఒకేసారి రెండు చోట్లా వేయకండి. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

సాక్ష్యాలు ఎలా కూడగట్టాలో చెబుతాను. మంట ఆర్పడానికి వచ్చిన ఫైర్ స్టేషన్ నుంచి ధ్రువపత్రం తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. వాళ్లు వచ్చేసరికి మంట బండి ముందు భాగంలో ఉందా, మధ్యలో ఉందా అన్నది అందులో ఉంటే మీకు కొండంత అండ. రోడ్డు మీద జనం వీడియో తీశారని రాశారు. ఆ వీడియో తీసినవాళ్ల ఫోన్ నుంచి నేరుగా తెప్పించుకోండి, పదిమందికి ఫార్వర్డ్ అయిన కాపీకి విలువ తగ్గుతుంది. సర్వేయర్ నివేదిక నకలు ఇవ్వమని కంపెనీకి రాయండి. ఆ నివేదికే తుది మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది, అయినా అందులో ఏముందో చూడకుండా యుద్ధానికి దిగలేం.

ఇంకొకటి. అగ్ని ప్రమాదానికి రెండు నెలల ముందు పాలసీ 9 రోజులు లాప్స్ అయిందని, కంపెనీ వాళ్లు యాప్‌లో బండి చుట్టూ వీడియో తీయించుకుని మళ్లీ పాలసీ ఇచ్చారని రాశారు. పైపు తిప్పింది అంతకు ముందు సంక్రాంతికి. అంటే ఆ వీడియోలో మీ ఎడమ పైపు కనిపించే అవకాశం ఉంది. కనిపిస్తే, చూసి కూడా ప్రీమియం తీసుకున్న కంపెనీ ఇప్పుడు మార్పు సంగతి తెలియదనలేదు. ఆ వీడియో భద్రపరచి నకలు ఇవ్వమని అర్జీలోనే అడగండి.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది మాత్రం షెడ్డులో ఉంది. అద్దె పెరుగుతోందని కాలిన బండిని తుక్కుకు ఇచ్చేద్దామనుకుంటున్నట్టు రాశారు. ఇవ్వకండి. రబ్బరు గొట్టాలు కాలిపోయినా, ఇంధన పైపును పట్టుకునే ఇనుప క్లిప్పులు చాసిస్ మీద మిగిలే ఉంటాయి. ఒక లైసెన్సు ఉన్న సర్వేయర్‌నో, ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ విభాగం అధ్యాపకుడినో తీసుకెళ్లండి. ఆ క్లిప్పులకూ మీ సైలెన్సర్ పైపుకూ మధ్య దూరం స్కేలు పెట్టి కొలిపించండి, స్కేలు కనిపించేలా తేదీతో ఫోటోలు తీయించండి. వైరింగు ఎక్కడ కరిగిందో, ఫ్యూజు పెట్టె ఏ స్థితిలో ఉందో రాయించి సంతకం తీసుకోండి. దూరం 35 మిల్లీమీటర్ల కంటే బాగా ఎక్కువ ఉండి, కాలిన గుర్తులు బానెట్ కింద మొదలైతే మొత్తం డబ్బుకు పోరాడండి. పైపు ఆ గొట్టానికి ఆనుకుని ఉండి, అక్కడి ఇనుమే ఎక్కువ కాలితే మీ కేసు బలహీనం. అప్పుడు 75 శాతం కూడా ఖాయం కాదు, రాజీకి ఎంత ఇస్తారో కంపెనీని అడగడమే మంచిది. ఏది నిజమో ఆ కొలతే చెబుతుంది. షెడ్డు యజమానికి ఇవాళే ‘పరీక్ష అయ్యేదాకా బండిని ఎవరూ ముట్టుకోకూడదు’ అని రాసిచ్చి, నకలు మీద ఆయన సంతకం పెట్టించుకోండి.