టెస్టులన్నీ నార్మల్, అయినా పిల్లాడికి రోజూ కడుపునొప్పి. ఇలా ఎంతమందికి ఉంటుంది?

మీ బాబుకి పదకొండేళ్లని, సరిగ్గా స్కూలు బస్సు టైముకి బొడ్డు దగ్గర నొప్పి అంటాడని, రక్తపరీక్షలూ స్కానూ బాగానే ఉండటంతో డాక్టరుగారు ‘ఫంక్షనల్’ (అంటే పేగులో జబ్బేమీ కనిపించకుండా వచ్చే నొప్పి) అని చెప్పారని రాశారు. నాటకమాడుతున్నాడా, వేరే పిల్లల్లో కూడా ఇలా ఉంటుందా అని అడిగారు. నాటకం కాదండీ. ఇది చాలామంది పిల్లల్లో ఉంది. మా అమ్మాయి ఆరో తరగతి నుంచి ఇదే పడింది కాబట్టి మాకు తెలిసింది చెప్తాను.

ముందు లెక్కలు. 1958లోనే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ డాక్టర్లు ఆప్లీ, నైష్ వెయ్యి మంది బడిపిల్లలపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, ఆటలూ పనులూ ఆపేసేంత నొప్పి వచ్చిన వాళ్లు అందులో పదిమందికి ఒకరు ఉన్నారు. 2015లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఈ రకం కడుపునొప్పి సుమారు 13.5 శాతం పిల్లల్లో కనిపించింది, ఆడపిల్లల్లో కాస్త ఎక్కువగా. నొప్పి ఒక్కటే కాకుండా మలబద్ధకం, అజీర్తి, పసిపిల్లలు పాలు కక్కడం లాంటివన్నీ కలిపితే అమెరికాలో తల్లుల్ని అడిగి చేసిన సర్వేలో దాదాపు నలుగురిలో ఒకరికి ఏదో ఒకటి ఉంది. కడుపునొప్పి ఒక్కటే లెక్కేసినా నలభై మంది ఉన్న క్లాసులో మీ బాబు లాంటి వాళ్లు ఇంకో నలుగురైదుగురు ఉండొచ్చు. చెప్పుకోరు, అంతే.

ఇక నొప్పి నిజమా అంటే, నిజమే. పేగులో పుండు, వాపు ఏమీ ఉండవు. కానీ పేగు నుంచి మెదడుకు వెళ్లే నరాలు మామూలు గ్యాస్‌ని, మామూలు కదలికని కూడా నొప్పిగా పట్టుకుంటాయి. కొందరిలో వాంతులు, విరేచనాలు వచ్చి తగ్గాక ఇది మొదలవుతుంది. పరీక్షల టెన్షన్ దాన్ని పెంచుతుంది, అంతేగానీ పుట్టించి చెప్పడం కాదు. మా ఇంట్లో అత్తయ్య దిష్టి తీశారు, వాము నీళ్లు పట్టారు, నులిపురుగుల మాత్ర వేశాం. స్కాన్ రిపోర్టులో ‘మెసెంటెరిక్ లింఫ్ నోడ్స్’ అని ఒక లైను చూసి టీబీ ఏమోనని ఇంటిల్లిపాదీ భయపడ్డాం. మీ రిపోర్టులోనూ ఆ మాట ఉంటే కంగారుపడకండి. అవి పేగుల దగ్గరుండే చిన్న చిన్న లింఫ్ గ్రంథులు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా మామూలుగా కనిపిస్తాయి. ఎంత సైజు, ఎలా ఉన్నాయన్నది డాక్టరు చూసి చెప్తారు.

మాకు అసలు దారి చూపించింది వాటర్ బాటిల్. పొద్దున నింపి ఇచ్చింది సాయంత్రం దాదాపు అలాగే తిరిగొచ్చేది. అడగ్గా అడగ్గా మా అమ్మాయి చెప్పింది, స్కూల్లో బాత్రూం తలుపుకి గడియ లేదు, అందుకే నీళ్లు తాగదు, మోషన్ వచ్చినా ఆపుకుంటుంది. ఆపుకున్న కొద్దీ మలం ఎండి గట్టిపడుతుంది, వెళ్తే నొప్పి, నొప్పికి భయపడి మళ్లీ ఆపుకోవడం. కొన్నాళ్లకి పెద్దపేగు చివర సాగిపోయి, వెళ్లాలన్న సంగతే సరిగ్గా తెలియదు. కొందరు పిల్లలకి లోదుస్తుల మీద మరకలు పడతాయి, ఇంట్లో వాళ్లు అది విరేచనాలనుకుంటారు. పిల్లల్లో మలబద్ధకం ఎంత సాధారణమో, దాన్ని పట్టుకోవడం అంత ఆలస్యమవుతోంది. ‘రోజూ వెళ్తున్నావా’ అని అడిగితే చాలదు. గట్టిగా ఉంటుందా, నొప్పి పుడుతుందా అని అడగండి.

డాక్టరుగారు మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాసి, నెలల తరబడి వాడాలని, బాగుంది కదా అని మధ్యలో మానొద్దని గట్టిగా చెప్పారు. టిఫిన్ అయ్యాక, రాత్రి అన్నం తిన్నాక కాసేపు టాయిలెట్‌లో కూర్చోబెట్టేవాళ్లం. తిన్న తర్వాత పెద్దపేగు తనంతట తాను కదులుతుంది, అందుకే ఆ టైము. వెస్టర్న్ టాయిలెట్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం, మలంలో రక్తం, నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనాలు, ఆగని వాంతులు, జ్వరం, బొడ్డుకి దూరంగా, ముఖ్యంగా కుడి పక్కన నొప్పి – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ‘ఫంక్షనల్’ అన్న మాటతో ఊరుకోకుండా మళ్లీ చూపించండి. ఇవేవీ లేకపోతే కొత్త స్కాన్ల కోసం తిరగకండి. ప్రతి కొత్త టెస్టూ ‘నాకేదో పెద్ద జబ్బుంది’ అన్న భయాన్ని పిల్లాడిలో పెంచుతుంది.

నొప్పి ఉన్న రోజు కూడా వీలైనంతవరకు స్కూలుకి పంపండి, తిట్టకుండా. గంటగంటకీ ‘ఇప్పుడెలా ఉంది నాన్నా’ అని అడగొద్దు, ధ్యాసంతా అక్కడికే పోతుంది. క్లాస్ టీచర్‌ని కలిసి, అడిగినప్పుడల్లా బాత్రూంకి పంపమని చెప్పండి. కుదిరితే మీరే వెళ్లి ఆ బాత్రూం ఒకసారి చూసి రండి. మేం ఇంకో ఇద్దరు తల్లులతో కలిసి వెళ్లి మాట్లాడాక గడియ పెట్టించారు.