శనివారం దొరికిన కుందేలు

చిన్నప్పుడు పల్లెలో వేట, సేద్యం ఎలా ఉండేవి, ఆ రోజులు మళ్లీ రావాలనిపిస్తుందా అని అడిగారు. సేద్యమైతే సగం అవును, సగం కాదు. వేట మాత్రం వద్దు. అయినా వేట గురించే ఎక్కువ రాస్తానేమో, ఏమనుకోకండి.

మాది కదిరి వైపు మెట్ట పల్లె. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పెద్ద సంబరం. నేను చెప్పేది 1980ల మాట. ఒక కాడి ఎద్దులు, ఒక బావి, మిగతాదంతా వానను నమ్ముకున్న చెనిక్కాయ (వేరుశనగ) చేను. తాత కాలంలో బావి మీద కపిల తోలేవాళ్లట, అంటే ఎద్దులతో తోలుబాన లాగించి నీళ్లు తోడటం, నేను చూసేనాటికే మోటారు వచ్చేసి ఆ తోలుబాన ఎండి చెక్కలా అయిపోయి కొట్టంలో వేలాడుతుండేది.

మా ఇంట్లో తుపాకీ పట్టినవాళ్లు ఎవరూ లేరు. మాకు వేట అంటే చేను కావలిలో ఒక భాగం, అంతే. చెనిక్కాయకు ఊడలు దిగి కాయ పట్టిందంటే చిన్నాయన మంచం చేలోకి మారిపోయేది. పగలు కాకులు, రాత్రి పందులు, తెల్లవారుజామున కుందేళ్లు. వాటిని తోలడానికి పోయినవాళ్లే ఒక్కోసారి వల కూడా భుజాన వేసుకుని పోయేవాళ్లు.

నాకు పదేళ్లప్పుడు మొదటిసారి నన్నూ తీసుకుపోయారు. కంపచెట్ల మధ్య కుందేళ్లు నడిచే సందు ఉంటుంది, అక్కడ వల కట్టి, అవతలి వైపు నుంచి కుక్కలతో అదిలించుకుంటూ వస్తారు. నన్ను వల పక్కన కూర్చోబెట్టి "ఒరేయ్, దగ్గొచ్చినా మింగు" అన్నాడు చిన్నాయన. గంటసేపు కూర్చున్నాను, చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడుకే కుందేలు పారిపోతుందేమోనని ఒకటే టెన్షన్. చివరికి అది వచ్చి వలలో పడితే నేను లేచి పట్టుకోలేదు సరికదా, "చిన్నాయనా!" అని ఊరంతా వినబడేలా అరిచాను.

పంపకం మాత్రం చాలా పద్ధతిగా ఉండేది. వల ఎవరిదో వాళ్లకు ఒక పాలు ఎక్కువ, కుక్కకు ఒక పాలు (అది కుక్క యజమాని ఇంటికే పోతుంది, కుక్కకు ఎముకలే), మనిషికి ఒక పాలు. నాకు అర పాలు. మోదుగాకులో కట్టిచ్చారు, మహా అంటే నాలుగు ముక్కలు.

అది శనివారం. మా ఇలవేల్పు కదిరి నరసింహస్వామి, శనివారం మా ఇంట్లో నీచు ముట్టరు. అవ్వ గడప దగ్గరే నిలేసింది. మరుసటి రోజు వండుకుందామంటే ఫ్రిజ్ అన్న మాటే తెలియని ఊరు. దాంతో కళ్లం దగ్గర మూడు రాళ్లు పెట్టి, పాత కుండలో చిన్నాయనే వండాడు. అంత నిష్ఠ గల మా అవ్వ ఏం చేసిందనుకున్నారు, ధనియాలు, ఎండుమిరపకాయలు, నాలుగు లవంగాలు వేయించి నూరి పొట్లం కట్టి నా చేతికిచ్చింది. "నేను చూళ్లేదు, పో" అంది. కట్టె వామికి ఆనుకుని సంగటితో తిన్నాం. మాంసం రుచి గుర్తులేదు, ఆ కారం ఘాటు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

వేటను కట్టడి చేసే వన్యప్రాణి చట్టం 1972లోనే వచ్చింది, మా ఊరికి ఆ కబురు అందింది చాలా ఆలస్యంగా. ఇప్పుడు కుందేలును పట్టడం నేరం, అలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ఎవరైనా సరదా పడితే కనుమకు అహోబిలం పొండి, నరసింహస్వామే పారువేటకు బయల్దేరి నలభై రోజులకు పైగా పల్లెపల్లె తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని పిలవడానికట!

ఇక సేద్యంలో ఆ సగం ఎందుకు కాదన్నానంటే, వాన ఎగ్గొట్టిన ఏడు విత్తనం అప్పు కూడా తీరక నాయన ఎద్దుల్ని సంతకు తోలుకుపోయిన రోజు కూడా నాకు గుర్తుంది కాబట్టి. మళ్లీ కాడి కట్టలేదు. బావి ఎండింది, బోర్లు వేశారు, రెండు ఎండాయి, మూడోదాంట్లో నీళ్లు పడ్డాయి.

పోయిన ఏడాది చెనిక్కాయ టైముకు ఊరికి పోయాను. కుందేళ్లు ఎప్పుడో గాని కనిపించవంట, పందులు మాత్రం మందలు మందలు. చేను చుట్టూ పాత చీరలు కట్టారు. చిన్నాయనకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, రాత్రి కావలి పోలేడు, అందుకని కుక్క అరుపులు రికార్డు చేసిన స్పీకరు ఒకటి చేలో పెట్టాడు. పందులు భయపడుతున్నాయో లేదో గాని, అది మోగినప్పుడల్లా ఊళ్లో కుక్కలన్నీ లేచి దానికి బదులు మొరుగుతున్నాయి, తెల్లార్లూ ఎవరికీ నిద్ర లేదు.